విమానపు టిక్కెట్టుకు దూరమే కొలబద్దయా?

సంగారెడ్డి పక్కనున్న పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో రాత్రివేళ ఆటో ఒక్కటే ఉన్నచో డ్రైవరు చెప్పినదే కిరాయి. పక్కన మరొక ఆటో వచ్చి ఆగినచో బేరమునకు చోటు కలుగును. దూరము మారలేదు, పెట్రోలు ధర మారలేదు. అమ్మువారి సంఖ్య మాత్రమే మారినది. ఆ చౌరస్తా నుండి పటాన్‌చెరు మీదుగా వలయ రహదారి పట్టి శంషాబాదు విమానాశ్రయము చేరినవారికి అక్కడను ఇదే సూత్రము కనబడును.

ఒక లెక్క వేసి చూతము. 180 సీట్లు గల విమానము ఒక ప్రయాణము చేయుటకు 7,20,000 రూపాయలు ఖర్చగుననుకొందము. అనగా సీటుకు 4,000. టిక్కెట్టు 4,500 అయినచో సీట్లన్నియు నిండి 8,10,000 వచ్చును. 6,000 చేసినచో 30 మంది ప్రయాణము మానుకొందురు. అయినను మిగిలిన 150 మంది వలన 9,00,000 వచ్చును. ఆ మార్గమున కంపెనీ ఒక్కటే ఉన్నచో, 30 సీట్లు ఖాళీగా పోయినను రెండవ ధరనే ఎంచుకొనును. సెలవు దొరికినపుడు ఇల్లు చూచి రాగోరిన పాశమైలారం కార్మికుడు ఆ ముప్పదిమందిలో ఒకడు కావచ్చును.

ఇప్పుడు రెండవ కంపెనీ వచ్చినదనుకొందము. విమానము తలుపు మూసిన పిమ్మట ఖాళీ సీటు విలువ సున్న. అందుచేత అది 5,500కే అమ్మజూచును; మొదటిది 5,000కు దిగవలసి వచ్చును. ఈ విధముగా ధర ఖర్చు వైపునకు జారును.

మరి కూడలి విమానాశ్రయమున విశేషమేమి? బండిచక్రపు ఆకులన్నియు నడుమనున్న కుండలో కలిసినట్లు, తిరుపతి, రాజమహేంద్రవరము వంటి చోట్ల నుండి వచ్చిన ప్రయాణికులు హైదరాబాదులో విమానము మారి దూరప్రాంతములకు పోవుదురు. ఇది చిన్న ఊళ్లకు మేలు. కాని ఎక్కువ ఆకులు ఒకే కంపెనీ చేతిలో ఉన్నచో, కొత్తగా ఒక్క మార్గముతో వచ్చిన కంపెనీకి అంతమంది ప్రయాణికులు దొరకరు. అనుకూలమైన వేళలు కూడ పాత కంపెనీవే అయి ఉండును. అమెరికాలో విమాన చార్జీలపై ప్రభుత్వపు అదుపు తొలగించుటకు 1978లో చట్టము వచ్చినది. కూడలిలో ఆధిక్యము గల కంపెనీ అక్కడి ప్రయాణికుల నుండి ఎక్కువ ధర రాబట్టగలుగుచున్నదని 1989లో ఆర్థిక శాస్త్రవేత్త సెవెరిన్ బోరెన్‌స్టీన్ చూపెను.

మన దేశమున 1953లో విమాన కంపెనీలు జాతీయము చేయబడినవి. హైదరాబాదుకు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో ఒకటి. ఆ చట్టము 1994లో రద్దయి ప్రైవేటు కంపెనీలకు దారి ఏర్పడినది. 2003లో ఎయిర్ డెక్కన్ చౌక టిక్కెట్లతో రాగా, ఇతర కంపెనీలు కూడ ధరలు తగ్గింపక తప్పలేదు. కాని తరువాత కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయినవి. 2024లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినది. 2025 నాటికి దేశీయ ప్రయాణికులలో 60 శాతమునకు పైగా ఇండిగో విమానములలోనే పోవుచుండిరి.

దీని ఫలితము 2025 డిసెంబరులో తెలియవచ్చినది. పైలట్ల విశ్రాంతిని గూర్చిన కొత్త నియమములకు సరిపడు ఏర్పాట్లు లేక ఇండిగో వేలకొలది ప్రయాణములను రద్దు చేసెను. మిగిలిన కంపెనీల సీట్లకు ఒక్కసారిగా గిరాకి పెరిగి ధరలు మిన్నంటినవి. 500 కిలోమీటర్ల వరకు 7,500, 1,500 దాటిన దూరమునకు 18,000 మించరాదని ప్రభుత్వము డిసెంబరు 6న తాత్కాలికముగా హద్దు విధింపవలసి వచ్చినది. పోటీ పలుచబడిన చోట ఒక్కరి లోపము అందరి కష్టమగును.

విద్యార్థులు ఈ విషయమును స్వయముగా పరీక్షింపవచ్చును. హైదరాబాదు నుండి అయిదు నగరములకు ఒకే తేదీన గల ధరలను సేకరించి, కిలోమీటరుకు ఎంత పడుచున్నదో లెక్కించుడు. పక్కనే ఆ మార్గమున గల కంపెనీల సంఖ్యను వ్రాయుడు. దూరము, పండుగ రద్దీ కూడ ధరను మార్చును గనుక ఇంచుమించు సమానమైన దూరములనే పోల్చవలెను. విమానములను గాక కంపెనీలనే లెక్కింపవలెను. ఒకే కంపెనీ పది విమానములు నడిపినను అమ్మువాడు ఒక్కడే.