తలకిందుల అంకెల్లో భిలాయి ఎందుకు ఇమడదు?

భిలాయిలో నా దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు మొదట ఇచ్చేది క్యాలిక్యులేటర్ లెక్క. 1704 కొట్టి మిషన్‌ని తలకిందులుగా తిప్పమంటాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘హోలీ’ కనిపిస్తుంది. 17718 కొడితే ‘బిల్లీ’, హిందీ పిల్లి. భిలాయి స్టీల్ ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఆ ప్లాంటు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలే ఈ పిల్లల్లో చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. అందుకే మూడు భాషల్లోనూ మాటలు వెతుకుతారు. 1706 తిప్పితే వచ్చే ‘గోళీ’ హిందీవాళ్లదీ, మనదీ.

క్యాలిక్యులేటర్ మీద అంకె ఏడు గీతలతో వెలుగుతుంది. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు. తిప్పితే పైగీత కిందికి, కుడి పైది ఎడమ కిందికి పోతుంది. నడిమి గీత ఉన్నచోటే ఉంటుంది. 7లో పైన ఒక అడ్డగీత, కుడివైపు రెండు నిలువు గీతలు. తిప్పితే అచ్చంగా ఎల్. 3 ఇ అవుతుంది, 4 చిన్నబడి హెచ్. 0, 1, 2, 5, 8 వరసగా ఓ, ఐ, జెడ్, ఎస్, బి. 6, 9 రెండూ జి.

ప్రోగ్రామ్ చేయాల్సింది తేలికే. మాటల జాబితాలోంచి ఈ తొమ్మిది అక్షరాలే ఉన్నవి ఏరాలి, ఒక్కో మాటను వెనక నుంచి చదువుతూ అంకెలు పెట్టాలి. పైథాన్‌లో నాలుగైదు వరసలు. అయిపోయిందని పిల్లలు లేచేలోపు ‘హెలో’ అడుగుతాను. ప్రోగ్రామ్ 07734 అంటుంది. మిషన్ మీద ముందు సున్నా నిలబడదు, దాంతో చివరి ఓ పోతుంది. 0.7734 అని చుక్క పెడితే నిలుస్తుంది. ఓతో ముగిసే ప్రతి మాటకూ ఇదే మందు. ‘ఎగ్’కు జవాబులు నాలుగు: 663, 693, 963, 993. ‘ఇల్లెజిబుల్’కు తొమ్మిది అంకెలు కావాలి. ఎనిమిదంకెల మిషన్‌లో పట్టదు, దుకాణాల్లో వాడే పన్నెండంకెల దాంట్లో పడుతుంది. ప్రోగ్రామింగ్‌లో అసలు పని ఇలాంటి చోట్లే ఉంటుందని నా నమ్మకం.

తర్వాత అందరూ సొంత పేర్లు ప్రయత్నిస్తారు. రామ, సీత, లక్ష్మి, ఏదీ రాదు. మన పేర్లను ఇంగ్లీషులో రాస్తే ‘ఏ’ లేకుండా గడవడం అరుదు. భిలాయి కూడా ఎల్ దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఏడు గీతలతో ‘ఏ’ రాయలేమా అంటే రాయగలం. వాటిని వెలిగించీ ఆర్పీ 128 ఆకారాలు చేయొచ్చు, అందులో అంకెలకు పనికొచ్చినవి పదే. తిప్పితే ‘ఏ’ అయ్యే ఆకారం ఆ పదింటిలో లేదు.

కంప్యూటర్ పాఠాలు చెప్పే మిత్రులకు ఒక్క మనవి. ఏ అంకె ఏ అక్షరమో పట్టిక రాసి పిల్లల చేతికి ఇవ్వకండి. ఏడు గీతలు గీయించి, తిప్పడం కూడా ప్రోగ్రామ్‌తోనే చేయించండి.