గంగవరం పోర్టు ఎవరిది?

మాది గాజువాక. రాత్రి పడుకుంటే లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. చిన్నప్పుడు "అవి ఎక్కడికెళ్తాయి నాన్నా?" అంటే "పోర్టుకి" అనేవారు. ఆ పోర్టు ఎవరిది అని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. సముద్రం గవర్నమెంటుదైతే పోర్టు కూడా గవర్నమెంటుదే అనుకున్నా. మొన్న సెలవుల్లో భోజనాల దగ్గర నాన్న, పెదనాన్న దీని మీదే గంటసేపు వాదించుకున్నారు. "మన పోర్టు అమ్మేశారు" అని పెదనాన్న. "అసలది మనదెప్పుడయింది అన్నయ్యా?" అని నాన్న. ఎవరు రైటో తేల్చుకుందామని కూర్చుని చదివితే, ఇద్దరూ సగం సగం రైటే అని తేలింది. ఎలాగో చెప్తాను.

విశాఖలో పోర్టులు రెండు. 1933లో మొదలైన విశాఖపట్నం పోర్టు కేంద్ర ప్రభుత్వానిది. దానికి దక్షిణాన స్టీల్ ప్లాంటు పక్కనున్న గంగవరం పోర్టు 2009లో మొదలైంది. ఇది రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోది. కానీ కట్టిందీ నడిపిందీ ప్రైవేటు కంపెనీ. ఒప్పందం సింపుల్‌గా ఇది: నువ్వే కట్టు, కొన్నేళ్లు యజమానిగా నడుపుకో, గడువు అయ్యాక తిరిగి అప్పగించు. ఆ గడువు 2059 వరకు ఉంది.

మన భాషలో చెప్పాలంటే ఇది డొమైన్ పేరు లాంటిది. వెబ్‌సైటు మొత్తం మనమే కడతాం, డబ్బులూ మనమే సంపాదించుకుంటాం, కానీ పేరు మనకు శాశ్వతంగా సొంతం కాదు. కాబట్టి "పోర్టు ఎవరిది?" అనే ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. లైసెన్సు ఇచ్చేది ఎవరు? రాష్ట్రం. నడిపే కంపెనీలో వాటాలు ఎవరివి? అసలు గొడవ ఇక్కడే.

2021 మొదట్లో ఆ వాటాలు ఇలా ఉండేవి: డి.వి.ఎస్. రాజు కుటుంబానికి 58.1 శాతం, వార్‌బర్గ్ పింకస్ అనే విదేశీ పెట్టుబడి సంస్థకు 31.5 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 10.4 శాతం. ఆ మార్చిలో అదానీ పోర్ట్స్ ముందు 31.5 శాతాన్ని 1,954 కోట్లకు, తర్వాత 58.1 శాతాన్ని 3,604 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. రెండు డీల్స్‌లోనూ షేరు ధర 120 రూపాయలే. మిగిలిన ప్రభుత్వ వాటా కూడా అదే ధరకు, సుమారు 645 కోట్లకు వెళ్లింది. జనంలో ఎక్కువ చర్చ జరిగింది ఈ చిన్న ముక్క మీదే.

అమ్మడం తప్పు కాదనేవాళ్ల వాదన: పది శాతంతో ప్రభుత్వం అక్కడ ఏం శాసించగలదు? మెజారిటీ ఎటూ వేరేవాళ్ల చేతిలో ఉంది. ఆ డబ్బుతో కొత్త పోర్టులు కట్టుకోవచ్చు. పైగా లైసెన్సు ఇచ్చింది రాష్ట్రమే కాబట్టి షరతులు అమలు చేయించే అధికారం ఎక్కడికీ పోదు.

వద్దనేవాళ్ల వాదన: లాభాల్లో ఉన్న కంపెనీలో వాటా ఎందుకు వదులుకోవాలి? బహిరంగంగా వేలం వేస్తే ఇంకా ఎక్కువ వచ్చేదేమో కదా? కృష్ణపట్నం పోర్టు కూడా అదే సంస్థ చేతికి వెళ్లింది. తీరమంతా ఒకరి దగ్గరే ఉంటే సరుకు రవాణా రేట్ల విషయంలో పోటీ ఎక్కడుంటుంది?

నాకు ఇంకో పాయింట్ దొరికింది. మన కంపెనీల చట్టం ప్రకారం, పదోవంతు ఓటింగ్ వాటా ఉన్నవాళ్లు ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టమని కంపెనీని అడగొచ్చు. కంపెనీని అన్యాయంగా నడుపుతున్నారనిపిస్తే ట్రిబ్యునల్‌కీ వెళ్లొచ్చు. అంటే 10.4 శాతం నడిపించేంత పెద్దది కాదు గానీ, నిలదీసి అడగడానికి సరిగ్గా సరిపోతుంది. లైసెన్సు ఇచ్చినవాడిగా గేటు బయట నిలబడి అడగడం వేరు, వాటాదారుగా లోపల కూర్చుని అడగడం వేరు. మనం అమ్ముకున్నది ఆ కుర్చీని.

ఇంతకీ ఆ కుర్చీ ఎవరికి అవసరం? పోర్టు కోసం గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు పడవలు నిలుపుకునే చోటు కోల్పోయారు. 2006లో అక్కడి ఆందోళనలో పోలీసు కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. వేట పోయినందుకు బదులుగా చాలా కుటుంబాల్లో పోర్టులో ఉద్యోగమే ఆధారమైంది. 2024 ఏప్రిల్‌లో ఆ కార్మికులు ఆందోళనకు దిగితే, స్టీల్ ప్లాంటుకు బొగ్గు అందక ఉత్పత్తి దెబ్బతింది. ఒక ఊరి జీతాల గొడవ ఇంకో ఫ్యాక్టరీ ఫర్నేసు దాకా వెళ్లిందన్నమాట. అలాంటప్పుడు పోర్టు ఎవరిదనేది వాటాదారుల సొంత విషయం ఎలా అవుతుంది?

ఇంగ్లండులో డోవర్ అనే ఊరుంది. అక్కడి పోర్టును 1606 నుంచి ఒక బోర్డు నడుపుతోంది. దానికి వాటాదారులు లేరు, వచ్చిన లాభం పోర్టు మీదే ఖర్చుపెట్టాలి. 2010లో ఆ బోర్డే దాన్ని ప్రైవేటుకు అమ్ముతానంది. ఊరివాళ్లు ఊరుకోలేదు. అమ్మేదైతే మేమే కొంటాం అంటూ ఒక ప్రజా ట్రస్టు పెట్టారు. 2011 మార్చిలో ఊళ్లో ఓటింగ్ జరిగితే, ఓటేసినవాళ్లలో 97 శాతానికి పైగా ప్రైవేటు అమ్మకం వద్దన్నారు. ఆ ఓటింగ్‌కు చట్టపరంగా విలువ లేదు. అయినా 2012 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం అమ్మకానికి ఒప్పుకోలేదు.

డోవర్‌ని తెచ్చి గంగవరంలో పెట్టలేం. అక్కడ పోర్టు మొదటి నుంచీ ఎవరి సొంతమూ కాదు. ఇక్కడ మొదటి నుంచీ ప్రైవేటుదే. నాన్న చెప్పింది అదే. కానీ డోవర్‌లో అమ్మకానికి ముందు ఊరు తన మాట చెప్పుకోగలిగింది. ఇక్కడ ఊరి తరఫున ఉన్న ఆ కాస్త వాటా వెళ్లిపోతుంటే ఊరికి ఓటు లేదు. పెదనాన్న బాధ అది.

ఇప్పుడు రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ద్వారా కొత్త పోర్టులు కడుతున్నారు. మనలో చాలామంది ఊళ్లు ఆ జిల్లాల్లోనే ఉన్నాయి. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు ఇంట్లో అడగండి: రేపు దాన్ని ఎవరు నడుపుతారు, ఎన్నేళ్లు, మన ఊరికి అందులో కుర్చీ ఉందా? మా ఇంట్లోలాగా అమ్మేశాక పన్నెండో ముద్ద దగ్గర వాదించుకోవడం కన్నా, ముందే వాదించుకోవడం మంచిది.