ఉత్క్రమణీయ, అనుత్క్రమణీయ ప్రక్రియలలో ఎంట్రోపీ మార్పు

ఒక వ్యవస్థ ఉత్క్రమణీయ మార్గమున గ్రహించిన ఉష్ణమును అప్పటి పరమ ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చు రాశిని ఆ వ్యవస్థ ఎంట్రోపీ మార్పు అందురు. ఉష్ణోగ్రత మారుచుండిన, ఉష్ణమును సూక్ష్మ భాగములుగా తీసుకొని కూడవలెను. ఎంట్రోపీ అను పేరును 1865లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ పెట్టెను.

విద్యార్థులు పొరబడు చోటు

అనుత్క్రమణీయ ప్రక్రియలో వ్యవస్థ ఎంట్రోపీ మరింత పెరుగునని పరీక్షలలో తరచు వ్రాయుదురు. ఇది సరికాదు. ఎంట్రోపీ స్థితి ప్రమేయము. తొలి, తుది స్థితులు అవే అయిన, మార్గమేదైనను వ్యవస్థలో మార్పు ఒక్కటే. భేదమంతయు పరిసరములలో ఉన్నది.

ఒక మోల్ ఆదర్శ వాయువు స్థిర ఉష్ణోగ్రత వద్ద రెట్టింపు ఘనపరిమాణమునకు వ్యాకోచించిన, దాని ఎంట్రోపీ 5.76 జౌల్/కెల్విన్ పెరుగును. వ్యాకోచము మిక్కిలి నెమ్మదిగా, ఉత్క్రమణీయముగా జరిగిన, పరిసరములు అంతే కోల్పోవును; మొత్తము సున్న. వాయువు శూన్యములోనికి ఒక్కసారిగా వ్యాపించిన, పరిసరములలో మార్పు లేదు, మొత్తము 5.76 పెరుగును. ఇక్కడ గ్రహించిన ఉష్ణము సున్న కనుక ఎంట్రోపీ మార్పు కూడ సున్న యనుట మరొక పొరపాటు. అవే స్థితులను కలుపు ఉత్క్రమణీయ మార్గమును ఊహించియే లెక్కింపవలెను.

పాల ఉదాహరణ

శంషాబాదు విమానాశ్రయ ప్రాంతమున గల రావిర్యాలలో 2023లో విజయ మెగా డెయిరీ ప్రారంభమైనది. డెయిరీలలో పాలను 72° సెల్సియస్ వద్ద 15 సెకనులు ఉంచి, పిమ్మట 4° వరకు చల్లార్చుట పాశ్చరీకరణలో వాడుకలో ఉన్న పద్ధతి. పాల విశిష్టోష్ణము 3.9 కిలోజౌల్/కిలో-కెల్విన్ అనుకొనిన, కిలో పాలు 345 కెల్విన్ నుండి 277కు చల్లారునపుడు 265 కిలోజౌళ్ల ఉష్ణమును విడుచును. ఎంట్రోపీ తగ్గుదల 3.9ని (345/277) యొక్క సహజ సంవర్గమానముతో గుణించిన 0.856 కిలోజౌల్/కెల్విన్. చల్లార్చు విధమేదైనను ఈ సంఖ్య మారదు.

ఈ ఉష్ణమంతయు 275 కెల్విన్ వద్ద నిలిచియుండు చల్లని నీటికి పోయిన, నీటి ఎంట్రోపీ 0.964 పెరుగును, నికరముగా 0.108 పుట్టును. పరిసరములు 300 కెల్విన్ వద్ద ఉన్నచో, కిలో పాలకు సుమారు 32 కిలోజౌళ్ల పని పొందు అవకాశము శాశ్వతముగా పోయినట్లే.

అందువలననే డెయిరీలలో వేడి పాలను నీటికి అప్పగించుటకు ముందు, పలుచని లోహపు పలకకు ఆవలి ప్రక్క ఎదురుగా వచ్చు చల్లని పాలను వేడిచేయుటకు వాడుదురు. రెంటి నడుమ అంతటను 5° తేడా మాత్రమే ఉన్నదనుకొనిన, వేడి పాలు 345 నుండి 282కు దిగును, చల్లని పాలు 277 నుండి 340కి ఎక్కును. అపుడు పుట్టు ఎంట్రోపీ 0.013 మాత్రమే. తేడాను ఇంకను తగ్గించవలెనన్న పలకల వైశాల్యము పెంచవలెను; తేడా సున్న కావలెనన్న అది అనంతము కావలెను.