నొప్పి మందుకు అడ్డుపడ్డ చట్టం

క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే నొప్పి మామూలు మాత్రలకు లొంగదు. దానికి డాక్టర్లు నమ్మే మందు మార్ఫిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో ప్రకటించిన తొలి అత్యవసర మందుల జాబితాలోనే దానికి చోటు దక్కింది. ధర కూడా తక్కువే. మనం కూరల్లో వేసుకునే గసగసాల మొక్క కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. అందులోంచి తీసేదే మార్ఫిన్. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో ఆ పంట పండిస్తున్నారు. అయినా మన దేశంలో అవసరమైనవారిలో చాలామందికి ఆ మందు అందదు. ఎందుకని?

మత్తుమందుల మీద 1961లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక దేశాలకు రెండు బాధ్యతలు అప్పగించింది. ఒకటి, దుర్వినియోగాన్ని అరికట్టడం. రెండు, వైద్య అవసరాలకు కొరత రాకుండా చూడటం. నొప్పి తగ్గించడానికి ఈ మందులు తప్పనిసరని ఒడంబడిక పీఠికే చెబుతోంది. ఆచరణలో మాత్రం చాలా ప్రభుత్వాలు మొదటిదాన్నే గట్టిగా పట్టుకున్నాయి.

దీనికి లెక్కల చిక్కు తోడైంది. తనకు ఏటా ఎంత మార్ఫిన్ కావాలో ప్రతి దేశమూ వియన్నాలోని అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ మండలికి ముందే తెలపాలి. పాత వాడకాన్ని బట్టే అంచనా వేస్తే, నిరుడు తక్కువ వాడిన దేశం ఈ ఏడూ తక్కువే అడుగుతుంది. ప్రపంచంలో ఏటా పంపిణీ అయ్యే ఈ కోవ మందులు, మార్ఫిన్ లెక్కలో చూస్తే, దాదాపు 300 టన్నులు. అందులో నిరుపేద దేశాలకు చేరేది 0.1 టన్ను మాత్రమేనని లాన్సెట్ కమిషన్ 2017లో తేల్చింది.

మన దగ్గర మత్తుమందులను అరికట్టడానికి 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. అప్పట్లో చాలా నేరాలకు కనీస శిక్షే పదేళ్ల జైలు. ఆస్పత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే వేర్వేరు శాఖల నుంచి పలు లైసెన్సులు కావాల్సి వచ్చేది, అవన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. రిజిస్టరులో లెక్క తప్పితే కేసు భయం. దాంతో ఆస్పత్రులు ఆ మందు తెప్పించడమే మానుకున్నాయి. పన్నెండేళ్లలో వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. మార్ఫిన్ ఎలా ఇవ్వాలో నేర్చుకోకుండానే ఒక తరం డాక్టర్లు చదువు ముగించారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడాక, 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు ముఖ్యమైన నొప్పి మందులకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు పొందితే చాలు.

ఆంక్షలు సడలిస్తే జనం వ్యసనపరులవుతారన్న భయం ఉంది. అమెరికా అనుభవం చూస్తే అది ఉత్త భయం కాదు. కానీ అక్కడ కంపెనీలు లాభాల కోసం డాక్టర్ల చేత మాత్రలు విచ్చలవిడిగా రాయించాయి. ఉగాండా మరో దారి చూపింది. అక్కడ మార్ఫిన్ పొడిని నీళ్లలో కలిపి తాగే మందుగా తయారుచేసి, ప్రభుత్వ ఖర్చుతో రోగులకు ఉచితంగా ఇస్తారు. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా దాన్ని రాసివ్వడానికి 2004లోనే అనుమతించారు. అంటే వ్యాపారాన్ని అదుపులో పెట్టి రోగికి మందు అందించడం పేద దేశానికీ సాధ్యమే.

నొప్పికి మందు నిరాకరించడం క్రూరమైన, అమానుషమైన ప్రవర్తన కిందికి రావచ్చని చిత్రహింసలపై ఐరాస ప్రత్యేక నివేదకుడు 2013లో హెచ్చరించారు. మత్తుమందుల సమస్యపై 2016లో జరిగిన ఐరాస ప్రత్యేక సమావేశం తన తీర్మానంలో మందుల అందుబాటుకు విడిగా ఒక అధ్యాయమే కేటాయించింది. మత్తుమందుల విధానాన్ని సంస్కరించడమంటే స్మగ్లర్లను వదిలేయడం కాదు, 1961లో ఒప్పుకున్న రెండో బాధ్యతను కూడా నెరవేర్చడం.

చట్టం మారినా ఆస్పత్రుల అలవాటు అంత త్వరగా మారదు. ఇంట్లో ఎవరైనా క్యాన్సర్ నొప్పితో బాధపడుతుంటే, నొప్పి, బాధ తగ్గించే ఉపశమన వైద్యం (పాలియేటివ్ కేర్) ఎక్కడ దొరుకుతుందని డాక్టరును నిలదీసి అడగండి. నొప్పి లేకుండా ఉండటం రోగి హక్కు.