చెరకు వంక: రంధ్రాన్వేషణకు ధర్మపురి శేషప్ప కవి సమాధానం

1. ఉపోద్ఘాతం

విషయం ఎంత గొప్పదైనా అందులోని అల్పమైన లోపాన్నే పట్టుకొని మాట్లాడేవారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. వీరిని రంధ్రాన్వేషులు, దోషైకదృక్కులు అంటారు. వాడుకలో ‘వంకలు పెట్టడం’, ‘పేర్లు పెట్టడం’, ‘కోడిగుడ్డు మీద ఈకలు పీకడం’ అనే పలుకుబళ్ళు ఈ గుణాన్నే తెలుపుతాయి. కోడిగుడ్డుకు ఈకలుండవు, లేనిదాన్ని సైతం పీకి చూపాలనే పట్టుదలను ఈ పలుకుబడి ఎత్తిపొడుస్తుంది. సద్విమర్శకూ రంధ్రాన్వేషణకూ గల భేదాన్ని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సాహిత్యం, భాషల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దోషం – ముఖ్యార్థం

ఆలంకారికులు దోషచర్చను తక్కువగా చూడలేదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో 7వ ఉల్లాసాన్ని దోషాలకే కేటాయించాడు. అయితే ముఖ్యార్థానికి విఘాతం కలిగించేదే దోషమని, ఆ ముఖ్యం రసమేనని నిర్వచించాడు. దీన్నిబట్టి లోపాన్ని చూపడంతో విమర్శకుడి పని పూర్తికాదు. అది ముఖ్యార్థాన్ని ఎంతవరకు చెరుస్తున్నదో కూడా నిరూపించాలి. రంధ్రాన్వేషి మొదటి మెట్టు మీదే ఆగిపోతాడు.

పోతన భాగవతంలో రేఫ, శకటరేఫలు ప్రాసస్థానంలో కలిసినందువల్లనే పూర్వ లాక్షణికులు దాన్ని ఉదాహరించలేదని 17వ శతాబ్దికి చెందిన అప్పకవి పేర్కొన్నాడు. లక్షణ గ్రంథంలో ఆ పరిశీలనకు తగిన స్థానం ఉంది. కాని ఆ కారణంతో భాగవతానికి పాఠకుల ఆదరణ తగ్గలేదు. నేటి ఉచ్చారణలో ర, ఱ ల భేదమే దాదాపు వినిపించదు.

3. శేషప్ప కవి సమాధానం

గోదావరి తీరంలోని ధర్మపురి 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. నేడు జగిత్యాల జిల్లాలో ఉంది. అక్కడి నరసింహస్వామిపై నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవి, తనకు గణ, యతి, ప్రాస లక్షణాలు తెలియవని, పంచకావ్యాలు, అమరం, శాస్త్రగ్రంథాలు చదవలేదని శతకారంభంలోనే విన్నవించాడు. తప్పున్నంత మాత్రాన భక్తికి కొరత రాదని, వంకర పోయిన చెరకుకు తీపి చెడదని తన పక్షాన్ని సమర్థించుకున్నాడు.

ఇది వినయోక్తి కావచ్చు. అయినా ఇందులో గొప్ప విమర్శసూత్రం ఉంది. కవి తప్పును దాచలేదు, తప్పు ఒప్పని వాదించనూ లేదు. ‘వంక’ అనే మాటకు వంపు, లోపం అనే రెండర్థాలున్నాయి. చెరకు వంక దూరం నుండే కంటికి కనిపిస్తుంది. తీపి తెలియాలంటే నమలాలి. అల్పదోషాలను ఎంచేవారు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. వంకను చూడటానికి శ్రమ అక్కరలేదు, రుచి చూడటానికి కావాలి.

4. భాష విషయంలో రంధ్రాన్వేషణ

ఉత్తర తెలంగాణ ప్రజలు ఈ వంకల బాధను ఎక్కువగా అనుభవించింది భాష విషయంలోనే. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ‘వచ్చిండు’ అనే క్రియ ‘అచ్చిండు’ అని వినిపిస్తుంది. పదాది వకారం లోపించడం ఆ మాండలికానికి సహజమైన ధ్వనిమార్పు. వక్త చెప్పిన విషయాన్ని వదలి ఆ ఒక్క ధ్వనిని చూసి నవ్వితే, నష్టపోయేది వకారం కాదు. నవ్వుకు గురైనవాడు నోరు విప్పడం మానేస్తాడు. విద్యార్థి వ్యాసంలో ఎర్రసిరా గుర్తులు తప్ప అతని ఆలోచనపై ఒక్క మాటా లేకపోతే, అతడు తప్పులు లేకుండా రాయడం కాదు, తక్కువ రాయడం నేర్చుకుంటాడు.

ఆదిలాబాద్ ప్రాంతానికి చెందిన సామల సదాశివ తన జ్ఞాపకాల గ్రంథానికి ‘యాది’ అని ఈ నేల మాటనే పేరుగా పెట్టారు. ఆయన ‘స్వరలయలు’ 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ప్రాంతీయమైన పలుకు పాండిత్యానికి అడ్డుకాదనడానికి ఆయన రచనలే నిదర్శనం.

5. చిన్న లోపం – పెద్ద నష్టం

అన్ని చిన్న లోపాలూ ఉపేక్షింపదగినవి కావు. ఒక్క దీర్ఘంతో ‘కలం’ ‘కాలం’గా మారుతుంది. తాళపత్ర ప్రతుల పరిష్కర్త అక్షరాన్ని పట్టించుకోవడం రంధ్రాన్వేషణ అనిపించుకోదు; అక్కడ అర్థమంతా ఆ అక్షరంపైనే ఆధారపడి ఉంటుంది. కాబట్టి లోపం పరిమాణం కాదు, దాని ఫలితమే ప్రమాణం.

6. ముగింపు

లోపాన్ని ఎత్తిచూపే ముందు అది ముఖ్యార్థాన్ని చెరుస్తున్నదా, దిద్దుకోవడానికి వీలుగా చెబుతున్నామా, గుణాన్ని కూడా గుర్తించామా అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వీటికి సమాధానం ఉన్నప్పుడు దోషాన్ని చెప్పడం ఉపకారమవుతుంది. లేనప్పుడు ధర్మపురి కవి చెప్పినట్లు అది చెరకు చేతికందినా వంకను మాత్రమే చూసి, తీపిని వదులుకోవడమే అవుతుంది.