ఇత్తడి వాద్యాలకు ఇంటి ఉపకరణాలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ ఉపాధిని నమ్ముకుని వచ్చిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతాలలో ఖుర్సీపార్ ఒకటి. రాత్రి షిఫ్టు ముగించినవారు పగలు నిద్రించే ఇటువంటి బస్తీలో, పెళ్లి బ్యాండు కోసం ట్రంపెట్ సాధన చేయడం ఇరుగుపొరుగుకు పరీక్షే.

ధ్వనిని తగ్గించే మ్యూట్ కొనలేనివారు ట్రంపెట్ మూతిపై మందపాటి తువ్వాలును వదులుగా కప్పవచ్చు. లోపల గుడ్డలు కుక్కకూడదు. గాలికి అడ్డుపడి శ్రుతి తప్పుతుంది. సింకు పూడిక తీసే రబ్బరు గిన్నె, దాని కర్ర ఊడదీస్తే, మరో మ్యూట్. దానిని మూతి ముందు మూస్తూ తెరుస్తూ ఉంటే స్వరం ‘వా వా’ అంటుంది. అమెరికా జాజ్ కళాకారులు 1920లలోనే ఇలా వాయించారు. గిన్నె కొత్తదై ఉండాలని వేరే చెప్పనక్కరలేదు!

చిక్కంతా నూనె దగ్గరే. పిస్టన్లు బిగుసుకుంటే కొబ్బరినూనె వేయడం చవకైన ఉపాయంగా తోస్తుంది. అయితే అది సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. చలికాలపు రాత్రి, సరిగ్గా వరుడు గుర్రమెక్కే వేళకు, పిస్టన్ కదలదు. ఇంజిన్ ఆయిల్ మరీ చిక్కన. వాల్వ్ ఆయిల్ ఒక్కటి మాత్రం కొనవలసిందే.

శుభ్రతకు పెద్ద ఖర్చు లేదు. పిస్టన్లు తీసి, గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో గొట్టాలను కడిగితే చాలు. మరిగే నీరు పైపూతను చెరుపుతుంది. పదిహేనేళ్లుగా దగ్గుతో బాధపడిన ఒక ట్రాంబోన్ వాద్యకారుడి ఉదంతాన్ని 2010లో ‘చెస్ట్’ వైద్య పత్రిక ప్రచురించింది. ఆయన వాద్యం లోపల బూజు, బాక్టీరియా కనిపించాయి. దానిని క్రమం తప్పక శుభ్రపరచడం మొదలుపెట్టాక దగ్గు తగ్గింది.