క్రూయిజ్ బుక్ చేసే ముందు డబ్బులు కట్టి షిప్ చూసి రావాలా?

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. అమ్మానాన్నల్ని క్రూయిజ్‌కి పంపుదాం అనుకుంటున్నారు. టికెట్ తీసే ముందు డబ్బులు కట్టి ఆ షిప్ ఒకసారి చూసి రావడం వర్త్ ఆ, కాదా?

మన ఉయ్యూరులో అయితే పెళ్లికి ఫంక్షన్ హాల్ చూడకుండా ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు. కౌలుకి చేను తీసుకునే ముందు గట్టు మీద ఒక రౌండ్ వేసి వస్తారు. అలాంటిది వేలకి వేలు పెట్టే షిప్‌ని ఫోన్‌లో ఫోటోలు చూసి బుక్ చేసేయడమేంటి అని డౌట్ రావడం కరెక్టే.

బ్రిటన్‌లో సౌతాంప్టన్ లాంటి పోర్టుల్లో ఈ పద్ధతి ఉంది. షిప్ పోర్టులో ఆగిన రోజు కొంత ఫీజు తీసుకుని లోపల తిప్పి చూపిస్తారు, భోజనం పెడతారు, సాయంత్రం షిప్ బయల్దేరేలోపు దింపేస్తారు. తర్వాత బుక్ చేస్తే ఆ ఫీజు టికెట్‌లో తగ్గిస్తారా లేదా అన్నది చాలా ముఖ్యం. తగ్గిస్తే ఆ టూర్ మీకు దాదాపు ఫ్రీ.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనకి దగ్గరలో క్రూయిజ్ అంటే విశాఖపట్నమే. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ షిప్ మొదటిసారి అక్కడికి వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ని ప్రారంభించారు. ఈ ఎంప్రెస్ కొత్త షిప్ కాదు. 1990లో రాయల్ కరీబియన్ కంపెనీ కోసం ఫ్రాన్స్‌లో కట్టారు. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. పొడవు 200 మీటర్ల పైనే, 11 డెక్‌లు.

అయితే ఇలాంటి షిప్ పోర్టులో ఉండేది కొన్ని గంటలే. పొద్దున పాతవాళ్లు దిగాలి, గదులు శుభ్రం చేయాలి, సాయంత్రానికి కొత్తవాళ్లు ఎక్కాలి. పైగా పోర్టులోకి పాస్ లేకుండా ఎవర్నీ రానివ్వరు. అందుకే ఎవరైనా ఏజెంట్ "షిప్ లోపల చూపిస్తాను, ఈ నంబర్‌కి ఫోన్‌పే చేయండి" అంటే ఆగండి. ముందు క్రూయిజ్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అలాంటి టూర్ ఉందో లేదో కనుక్కోండి. వాళ్లు లేదంటే లేనట్టే.

సరే, టూర్ ఉందనే అనుకుందాం. లెక్క వేద్దాం. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు. ఇద్దరికి రానూపోనూ రైలు, ఆటోలు, భోజనాలు, ఒక రాత్రి రూము, ఒక రోజు సెలవు. రెండు మూడు రాత్రుల ట్రిప్ కోసం ఇంత పెడితే, మంగళసూత్రం కన్నా దారం ఖరీదైనట్టు ఉంటుంది. ఆ డబ్బే కలిపితే కిటికీ లేని గది బదులు సముద్రం కనిపించే గది రావచ్చు.

ఇంకో విషయం. టూర్‌లో ఏం తెలుస్తుంది? గది ఎంత ఇరుకు, బాత్రూమ్ గడప ఎంత ఎత్తు, లిఫ్ట్‌కి ఎంత దూరం నడవాలి. ఏం తెలియదు? అసలైనవే తెలియవు. షిప్ కట్టేసి ఉంటుంది కాబట్టి ఊగదు. బంగాళాఖాతంలో వానాకాలం అలలకి నాన్నకి కడుపులో తిప్పుతుందా, రాత్రి పైడెక్ మ్యూజిక్ గదిలోకి వినిపిస్తుందా, రెండో రోజు పప్పు ఎలా ఉంటుందో రేవులో నిలబడితే అర్థం కాదు. ఊపు భయం ఉంటే షిప్ మధ్యభాగంలో, కింది డెక్‌లో గది అడగండి. అక్కడ కదలిక తక్కువ.

ఇంట్లో పెద్దవాళ్లు అడిగే అసలు ప్రశ్న మాత్రం "సేఫేనా?" అని. అడుగుతారు మరి. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో ఇంకా పెద్ద ప్రమాదం. ఆ భయాన్ని చిన్నచూపు చూడకండి. కానీ దానికి జవాబు టూర్‌లో దొరకదు. ఇటలీ దగ్గర 2012లో కోస్టా కాంకార్డియా ప్రమాదం జరిగాక అంతర్జాతీయ నియమాన్ని గట్టి చేశారు. షిప్ బయల్దేరే ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ ప్రయాణికులకి సేఫ్టీ డ్రిల్ చేయించాల్సిందే. లైఫ్ జాకెట్ ఎక్కడుంది, ఏ చోటికి చేరాలి అన్నది అక్కడే చెప్తారు. సెల్ఫీల హడావుడిలో అది మిస్ అవ్వొద్దని అమ్మానాన్నలకి ముందే చెప్పి పంపండి.

మరి టూర్ ఎవరికి వర్త్? వీల్‌చైర్ వాడేవాళ్లు ఇంట్లో ఉంటే, తలుపు వెడల్పు కళ్లతో చూసుకోవడం మంచిదే. ఇరవై ముప్పై మందికి ఒకేసారి బుక్ చేసేవాళ్లకి, నెలల తరబడి సాగే పెద్ద క్రూయిజ్‌కి లక్షలు పెట్టేవాళ్లకి కూడా. విశాఖలోనే ఉంటూ, ఫీజు టికెట్‌లో తగ్గిస్తారంటే వెళ్లిరండి.

మిగతావాళ్లు ఇంట్లో కూర్చునే మూడు పనులు చేయండి. ఒకటి, డెక్ ప్లాన్ తీసి మీ గది నంబర్ పైనా కిందా ఏముందో చూడండి. రెండు, ఆ గది రకాన్నే తీసిన ప్రయాణికుల వీడియోలు చూడండి, కంపెనీ యాడ్ కాదు. మూడు, పోర్ట్ ఛార్జీలు, జీఎస్టీ కలిపి మొత్తం ఎంత, క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగొస్తుంది అన్నది మెయిల్‌లో రాయించుకోండి.

నా మాట అడిగితే, ఉయ్యూరు నుంచి రెండు రాత్రుల ట్రిప్‌కి టూర్ అక్కర్లేదు. ఆ చిన్న ట్రిప్పే మీకు టూర్. అమ్మానాన్నలకి నచ్చితే వచ్చే ఏడాది పెద్దది ప్లాన్ చేయొచ్చు. ఇంట్లో ఎవరైనా అడ్వాన్స్ కట్టబోతుంటే ముందు వాళ్లకి ఇది చూపించండి. ఉంటానండీ.